దొంగిలిస్తేనే బతికే మొక్క

భ్రమరాంబ వంటింటి కిటికీలో ఉన్న మనీప్లాంటు దొంగసొత్తు. ఈ సంగతి పదహారేళ్లుగా ఆమె ఒక్కదానికే తెలుసు.

నిల్వల మండలి ఉద్యోగుల కాలనీకి కాపురం వచ్చిన కొత్తలో, వెనక బ్లాకులో ఉండే హైమవతి వరలక్ష్మీ వ్రతం పేరంటానికి పిలిచింది. ఆ ఇంటి హాల్లో కిటికీ ఊచల నిండా మనీప్లాంటు పాకి ఉంది. ఒక్కో ఆకు అరచేయంత. అడిగితే ఇచ్చేదే. కాని అడిగి తెచ్చుకున్న మనీప్లాంటు బతకదని, దొంగిలించి తెచ్చుకున్నదే ఏపుగా పెరుగుతుందని భ్రమరాంబకి వాళ్లమ్మ చెప్పింది, వాళ్లమ్మకి వాళ్లత్త చెప్పింది. అందుకని అందరూ పాటలో ఉన్న సమయం చూసి, చిటికెన వేలంత తీగ తుంచి, తన తాంబూలం సంచిలో తమలపాకుల మధ్య దూర్చేసింది. తమలపాకుల్లో కలిసిపోతే మనీప్లాంటు ఆకుని పోల్చుకోవడం ఎవరి తరమూ కాదు.

తీరా గుమ్మం దాటబోతుంటే హైమవతి పిలిచింది.

"శనగలు తక్కువ వేసినట్టున్నాను, ఆ సంచి ఇలా ఇవ్వు" అని పుచ్చుకుని లోపలికి వెళ్లింది. హైమవతి మండలి టపా విభాగంలో పనిచేస్తుంది. కవరు మీద స్టాంపు కాస్త వంకరగా ఉంటే ఊడదీసి మళ్లీ అంటించే మనిషి. అలాంటామె సంచి తెచ్చి చేతిలో పెట్టి, "వెళ్లిరా" అంది. అంతే.

ఇంటికొచ్చి చూసుకుంటే సంచిలో రెండు ముక్కలున్నాయి. కంగారులో విరిగిందనుకుని, రెండూ పాత ఊరగాయ సీసాలో నీళ్లు పోసి వేసింది. ఒకటి వారానికల్లా కుళ్లిపోయింది. రెండోది కిటికీ ఎక్కి, ఊచలు దాటి, ఫ్రిజ్ మీదుగా వెళ్లి, దేవుడి క్యాలెండరుని చుట్టుకుని, మళ్లీ కిటికీ దగ్గరికే వచ్చింది. గుర్తున్నప్పుడు బియ్యం కడుగు నీళ్లు పోసేది. గుర్తు లేనప్పుడు లేదు. హైమవతి ఎప్పుడు వంటింట్లోకి వచ్చినా భ్రమరాంబ ఆ కిటికీకి అడ్డంగా నిలబడి మాట్లాడేది.

ఇలా ఉండగా ఒకరోజు భ్రమరాంబ భర్త విశ్వపతి ఆఫీసు నుంచి కాగితం పట్టుకుని వచ్చాడు. ఆయనకి రిటైర్మెంటు ఇంకా ఏడాదిన్నర ఉంది. ఏ కాగితం చూసినా అది తన ఏడాదిన్నరని కొరకడానికి వచ్చినట్టే ఆయనకి తోస్తుంది.

"చదవండి" అంది భ్రమరాంబ, వంకాయలు తరుగుతూ.

"గౌరవ అధ్యక్షులవారు ఇటీవల ఒక అతిథి గృహమున బస చేసినపుడు, రెండు మాసములుగా ఎవరును నీరు పోయకున్నను జీవించియున్న మొక్కనొకదానిని తిలకించి ముగ్ధులైనారు. ఎవరు పట్టించుకొనకున్నను బ్రతుకు మొక్క ఉద్యోగికి ఆదర్శప్రాయమని వారి అభిప్రాయము. కావున కాలనీలోని నాలుగు వందల పన్నెండు క్వార్టర్లయందును శ్రమరహిత గృహహరిత పథకము అమలు చేయడమైనది."

"అంటే?"

"ఇంటికో మొక్క ఇస్తారు. చస్తే క్వార్టరు ఖాళీ చేయాలి."

"ఎవరు చస్తే?"

"మొక్క" అన్నాడు విశ్వపతి, నవ్వకుండా.

కాగితానికి వెనక ఎంపిక పత్రం ఉంది. ఉద్యోగి తన అభిరుచిని బట్టి మూడు సులభ మొక్కల్లో ఏదైనా ఎంచుకోవచ్చు. కింద చిన్న అక్షరాల్లో ఉపసంఘం నిర్ణయం ఉంది. నిలువు ఆకుల పాముమొక్క పేరులో సర్పము ఉన్నందున పిల్లలున్న గృహములకు తగదు. కలబందను స్త్రీలు తలకు రాసుకొను అవకాశము ఉన్నందున ప్రభుత్వ వస్తువు దుర్వినియోగమగును. కావున ఉద్యోగులు నిరభ్యంతరముగా మనీప్లాంటును ఎంచుకొనవచ్చును.

"మనకి మనీప్లాంటు ఉంది కదండీ, ఇంత బారు" అంది భ్రమరాంబ.

"అది మండలి ఇచ్చింది కాదుగా. నంబరేదీ దానికి?"

మొక్కలు తెల్ల కుండీల్లో, నంబర్లతో వచ్చాయి. వాటితోపాటు గృహహరిత విభాగం ప్రత్యేకాధికారి చక్రధరం గారు వచ్చారు. పొట్టిగా, శుభ్రంగా ఉండే మనిషి. మాట్లాడుతున్నప్పుడు ఎదురుగా టైపు మిషను ఉన్నట్టు వాక్యం చివర ఆగుతారు. కమ్యూనిటీ హాల్లో మూడు రోజులు శిక్షణ పెట్టారు. అంశం, మొక్కను పట్టించుకొనకుండుట ఎట్లు.

"పట్టించుకొనకుండుట అనునది అందరూ అనుకొనునంత సులువు కాదు" అన్నారు చక్రధరం గారు మొదటి రోజు. "దానికొక క్రమశిక్షణ కలదు. ఉదయము ఆరింటికి, మధ్యాహ్నము ఒంటిగంటకు, సాయంత్రము ఏడింటికి కొలత గ్లాసుతో నీరు పోయవలెను. వారమునకు రెండు మార్లు తడిగుడ్డతో ఆకులు తుడవవలెను. ఎండ తగలకుండా, వెలుతురు తగ్గకుండా మొక్కను గంటగంటకును జరుపుచుండవలెను. మిగిలిన సమయమున పట్టించుకొనరాదు."

వెనక వరసలోంచి ఎవరో ముసలావిడ అడిగింది. "మరి మేము నిద్దరోయేదెప్పుడు బాబూ?"

"ఆ ప్రశ్న ఈ విభాగ పరిధిలోనికి రాదు" అన్నారాయన, మర్యాదగానే.

విశ్వపతి తన పెళ్లిరోజు మరిచిపోయాడు గాని నీళ్లవేళ ఒక్కటీ మరిచిపోలేదు. అలారం పెట్టుకున్నాడు. కొలత గ్లాసుని ఎవరూ ముట్టకుండా దేవుడి అల్మైరాలో పెట్టాడు. మొక్క ఆకులు పసుపు పచ్చబడ్డాయి. ఆయన నీళ్లు పెంచాడు. కాడ మెత్తబడింది. తడిగుడ్డతో తుడిచాడు. గుడ్డతోపాటు ఆకు వచ్చేసింది.

"ఏవండీ, నాలుగు రోజులు దాని మానాన దాన్ని వదిలెయ్యండి" అంది భ్రమరాంబ.

"శిక్షణకి నేను వెళ్లానా నువ్వు వెళ్లావా?"

నలభై రోజుల్లో నాలుగు వందల పన్నెండుకి నాలుగు వందల పన్నెండూ చచ్చిపోయాయి. కాలనీ అంతా క్వార్టర్లు ఖాళీ చేయిస్తే మండలి నడవదు కనుక, ఎంక్వయిరీ వేశారు. చక్రధరం గారు ఇల్లిల్లూ తిరుగుతూ వీళ్లింటికీ వచ్చారు. కుండీలోని కుళ్లిన కాడని పరీక్షగా చూసి, "ఆదేశములు తూచా తప్పక పాటించినట్లు కనబడుచున్నది" అని విశ్వపతిని మెచ్చుకున్నారు. మంచినీళ్లు అడిగారు. గ్లాసు అందుకోవడానికి వంటింటి గుమ్మంలోకి వచ్చి, అక్కడే ఆగిపోయారు.

ఊచలు, ఫ్రిజ్, క్యాలెండరు, అంతా పచ్చగా ఉంది.

"దీని సంరక్షణ విధానము ఏమమ్మా?"

"విధానమంటూ ఏం లేదండీ. దాన్ని నేను పట్టించుకోను."

చక్రధరం గారు కాగితం మీద రాసుకున్నారు. భ్రమరాంబ తలకిందులుగా చదివింది. 'గృహిణి వివరములు వెల్లడించుటకు నిరాకరించినది.'

"అయ్యో, నిరాకరించలేదండీ. నిజంగానే ఏమీ చెయ్యను."

'పలుమార్లు అడిగినను అదే సమాధానము' అని కూడా రాశారు. "పోనీ ఎక్కడ కొన్నారు?"

"కొనలేదండీ."

"ఎవరైనా ఇచ్చినారా?"

"ఇవ్వలేదండీ."

కొనకుండా, ఎవరూ ఇవ్వకుండా మొక్క ఇంట్లోకి ఎలా వచ్చిందో చెప్పకపోతే క్వార్టరు సంగతి ఆలోచించాల్సి ఉంటుందన్నారాయన. విశ్వపతి ముఖం ఆ కుండీలో కాడలాగే అయిపోయింది. అది చూసి భ్రమరాంబ పదహారేళ్ల మాట బయటపెట్టేసింది.

"దొంగిలించానండీ. మనీప్లాంటు దొంగిలిస్తేనే కదండీ బతికేది. అందరూ అనేదేగా."

చక్రధరం గారి కలం ఆగింది. ఆయన కళ్లలో వెలుగు చూసి, తను చేసిన పొరపాటేమిటో భ్రమరాంబకి సగం అర్థమైంది.

నివేదిక వారంలో వచ్చింది. మండలి మొక్కలన్నీ సక్రమ మార్గమున సేకరించబడినందుననే మరణించినవి. జీవించియున్న ఏకైక మొక్క అపహరణ ద్వారా వచ్చినది. కావున ఇకపై మొక్కలు అపహరణ పద్ధతిన మాత్రమే సేకరించవలెను. సంరక్షణ సమయములయందు ఎట్టి మార్పును లేదు.

అయితే దొంగతనం నేరమయ్యె. కాగితం న్యాయ సలహాదారు దగ్గరికి వెళ్లింది. ఆయన తన అభిప్రాయం ఇలా తెలియజేశాడు. యజమాని అనుమతి ఉన్నచో అది నేరము కాదు. యజమాని అనుమతి ఉన్నచో అది దొంగతనమును కాదు. కావున యజమాని అనుమతి ఇవ్వవలెను, ఇచ్చిన సంగతిని తక్షణము మరువవలెను.

దీని కోసం ఫారాలు అచ్చు వేశారు. టపా విభాగం నుంచి వాటిని తెచ్చి ఇచ్చింది హైమవతే. "నువ్వు సంతకాలు పెట్టాలిట. నీ మొక్కే మూలమొక్క అన్నారు" అంది. ఎవరింటి నుంచి దొంగిలించావని మాత్రం అడగలేదు. భ్రమరాంబ అలవాటుగా కిటికీకి అడ్డం నిలబడింది గాని, ఇప్పుడు ఆ తీగ మండలి అంతటికీ తెలుసు. అడ్డం నిలబడి లాభం లేదు.

ఫారంలో ఇలా ఉంది. 'పైన పేర్కొన్న దినమున, పైన పేర్కొన్న వేళకు, పైన పేర్కొన్న వ్యక్తి నా ఇంట మొక్కను దొంగిలించబోవుచున్న సంగతి నాకు బొత్తిగా తెలియదని ఇందుమూలముగా ముందుగానే ధ్రువీకరించుచున్నాను.'

గురువారం గురువారం, పదకొండు నుంచి పన్నెండున్నర వరకు దొంగతనం. వారానికి ఇరవై నాలుగు ఇళ్లవాళ్లు. మొదటి గురువారం పదిన్నరకే మెట్ల మీద దొంగలు టోకెన్లు పట్టుకుని బారు తీరారు. ఎండగా ఉందని భ్రమరాంబ అందరికీ మజ్జిగ ఇచ్చింది. చక్రధరం గారు కత్తెర ఇచ్చి, కుర్చీ వేయించుకుని కూర్చున్నారు.

"అమ్మా, తమరు గోడ వైపు తిరిగి, ఏదైనా గృహకృత్యములో నిమగ్నులై ఉండవలెను."

భ్రమరాంబ గోడ వైపు తిరిగి చింతపండు పిక్కలు తీయడం మొదలుపెట్టింది. మొదటి దొంగ ఎదురింటి సుభాషిణి. లోపలికి వచ్చి, కత్తెర పట్టుకుని తటపటాయించింది.

"పిన్నిగారూ, దొంగిలించమంటారా?"

"కానివ్వమ్మా" అంది భ్రమరాంబ.

"ఆపండి" అన్నారు చక్రధరం గారు. "ఇప్పుడు అనుమతి ఇచ్చినట్లయినది. ఈ దొంగతనము చెల్లదు. బయటికి వెళ్లి, మరల రండి."

సుభాషిణి మళ్లీ వచ్చింది. ఈసారి నోరు మూసుకుని పని కానిచ్చింది గాని, వెళ్లేటప్పుడు అలవాటు కొద్దీ "వెళ్లొస్తా పిన్నిగారూ" అంది. మూడోసారికి గాని దొంగతనం కుదరలేదు. ఆ వెనక వచ్చిన స్టోర్సు గుమాస్తా గారి తల్లి గుమ్మంలోనే చతికిలబడింది.

"నా వల్ల కాదు నాయనా. మా పుట్టింట్లో గాని అత్తింట్లో గాని ఇలాంటిది లేదు. కావాలంటే నేను ముష్టి ఎత్తుకుంటాను."

"యాచనకు పథకములో వీలు లేదమ్మా."

"అయితే మా కోడల్ని పంపిస్తాను. దానికి అలవాటే" అని ఆవిడ లేచి వెళ్లిపోయింది.

ఆరు గురువారాలు గడిచాయి. పట్టుకెళ్లిన ముక్కలకి ఇళ్లల్లో ఆరింటికి, ఒంటిగంటకి, ఏడింటికి కొలత గ్లాసుతో నీళ్లు పోశారు. అవీ చచ్చాయి. మొక్క చచ్చినవాళ్లు మళ్లీ టోకెను తీసుకున్నారు. క్యాలెండరు మీది దేవుడు మొదటిసారి పూర్తిగా కనబడ్డాడు. ఫ్రిజ్ మీద ఏమీ లేదు. కిటికీ ఊచలకి మిగిలింది ఒక్కటే తీగ, మూరన్నర పొడుగున, తొమ్మిది ఆకులతో.

భ్రమరాంబ పొద్దున లేవగానే ఆ తొమ్మిదీ చూసుకోవడం మొదలుపెట్టింది. పదహారేళ్లలో ఆ తీగని ఆమె అంతలా చూసింది లేదు.

"నీళ్లు పొయ్యనా?" అన్నాడు విశ్వపతి.

"మీకు దణ్ణం పెడతాను. దాని జోలికి వెళ్లకండి."

అంతలో చక్రధరం గారి రెండో నివేదిక వచ్చింది. అపహరించిన మొక్కలును మరణించుటకు కారణము అపహరణలో చిత్తశుద్ధి లోపించుటయే. యజమాని మజ్జిగ ఇచ్చుట, దొంగ సెలవు తీసుకొనుట మొదలగునవి పద్ధతి పవిత్రతను చెరచినవి. కావున మూలమొక్కను సీసాతో సహా స్వాధీనపరచుకొని, ప్రధాన కార్యాలయమున శీతల గదిలో, కాపలా మధ్య ఉంచవలెను. అచ్చటినుండి ఉద్యోగులు నిజముగా దొంగిలింతురు. తత్పూర్వము, మూలమొక్క నిజముగా దొంగసొత్తేనని విచారణ సంఘము ధ్రువీకరించవలెను. సొత్తు కోల్పోయిన వ్యక్తి వాంగ్మూలము తప్పనిసరి. దొంగతనము రుజువు కానిచో, తప్పుడు సమాచారము ఇచ్చినందులకు క్వార్టరు రద్దగును.

విశ్వపతి ఆ కాగితం రెండుసార్లు చదివాడు.

"ఎవరింట్లో దొంగిలించావే?"

"చెబుతాను. ముందు ఆవిడకి చెప్పి వస్తాను."

చీర మార్చుకోకుండానే వెనక బ్లాకుకి వెళ్లింది. హైమవతి హాల్లో కూర్చుని పెసలు ఏరుతోంది. కిటికీకి ఆ పాత తీగ లేదు. ఇంటికి సున్నాలు వేయించినప్పుడు పోయింది, పదేళ్లయింది.

"వదినా, నీకో సంగతి చెప్పాలి" అని నిలబడే మొదలుపెట్టింది భ్రమరాంబ. "మొదటిసారి మీ ఇంటికి పేరంటానికి వచ్చినప్పుడు..."

"చిగురు తుంచావు" అంది హైమవతి, పెసల్లోంచి తలెత్తకుండా.

భ్రమరాంబ కూర్చుంది.

"వంటింటి అద్దంలోంచి చూశాను. దొంగిలిస్తే దొంగిలించావు, తుంచడమన్నా తెలియాలి కదా. చిగురు ఎక్కడైనా బతుకుతుందా? కణుపుండాలి. కణుపుకి కాస్త వేరు ఉండాలి. ఆ లేతముక్క పట్టుకుని మహా గొప్పగా వెళుతుంటే జాలేసింది."

"శనగలు తక్కువయ్యాయని సంచి పట్టుకెళ్లావు."

"వేరున్న ముక్క ఒకటి కోసి అందులో పడేశాను. ఆ చేత్తోనే గుప్పెడు శనగలూ వేశాను, అబద్ధమెందుకని."

"చెప్పచ్చు కదా వదినా."

"చెప్పి ఇస్తే బతకదనే కదా నువ్వు తుంచింది."

పదహారేళ్లు తన కిటికీకి అడ్డంగా నిలబడ్డ భ్రమరాంబ వీపులో ఒక్కసారి తీపు పుట్టినట్టయింది. చేట తన వైపు లాక్కుని తనూ పెసలు ఏరడం మొదలుపెట్టింది.

"ఎల్లుండి ఎంక్వయిరీలో ఏం చెబుదాం? దొంగసొత్తంటే తీగ వాళ్ల పాలవుతుంది. నువ్వు ఇచ్చావంటే ఇల్లు పోతుంది. ఆయన ఏడాదిన్నర ఏడాదిన్నరని నిద్రలో కూడా అంటున్నారు."

"ఉన్నదున్నట్టు చెప్పేస్తాను. ముప్ఫై ఏళ్లుగా చూస్తున్నాను, మండలిలో నిజం చెబితే ఎవరికీ ఏ నష్టమూ జరగదు. అది వాళ్లకి అందదు."

విచారణ సంఘంలో ముగ్గురున్నారు. మధ్యలో చక్రధరం గారు, కుడివైపు న్యాయ సలహాదారు. ఎడమవైపు ఒక వయసు మళ్లిన సభ్యుడు. ఆయన అన్ని సంఘాల్లోనూ ఉంటాడు కనుక ఇది ఏ సంఘమో పక్కవాళ్లని అడిగి తెలుసుకున్నాడు.

"సదరు మొక్క తమ ఇంట దొంగిలించబడినదా, లేదా? అవును, కాదు అని చెప్పండి" అన్నారు చక్రధరం గారు.

"ఒక ముక్క దొంగిలించింది. ఒక ముక్క నేనిచ్చాను. దొంగిలించింది చచ్చిపోయింది. ఇచ్చింది బతికింది" అంది హైమవతి.

ఇప్పుడు పథకం మొత్తం కూలిపోవాలి. భ్రమరాంబ అలాగే అనుకుని, తీగ దక్కి ఇల్లు పోయిందని లెక్క వేసుకుంది.

న్యాయ సలహాదారు ముందుకు వంగాడు. "ఇచ్చినప్పుడు ఇచ్చుచున్నానని చెప్పితిరా?"

"లేదు."

"పుచ్చుకున్నామె, ఇచ్చారని ఎరుగునా?"

"మొన్నటిదాకా ఎరగదు."

"అట్లయిన ఇబ్బంది లేదు" అన్నాడాయన. "దాత దృష్టిలో దానము, గ్రహీత దృష్టిలో చౌర్యము. మొక్క పెరిగినది గ్రహీత ఇంట. కావున చౌర్యమే."

వయసు మళ్లిన సభ్యుడు తల ఊపాడు. చక్రధరం గారి ముఖం విప్పారింది. క్వార్టరు నిలిచింది. మూలమొక్క గురువారం పదకొండింటికి స్వాధీనం చేసుకోవాలని తీర్మానం అయింది. హైమవతి వాంగ్మూలం కింద సంతకం పెట్టి, సిరా ఆరేదాకా ఊది, ఏమీ మాట్లాడకుండా టపా విభాగానికి వెళ్లిపోయింది.

గురువారం పదింటికి భ్రమరాంబని అప్పగింత పత్రం మీద సంతకానికి ఆఫీసుకి పిలిచారు. వెళ్లేముందు ఆమె కిటికీ దగ్గర నిలబడి చివరి ఆకుని వేలితో ముట్టుకుంది. బియ్యం కడుగు నీళ్లు కాసిని సీసాలో పోసింది. తలుపు తాళం వేసి, తాళం చెవి ఎప్పటిలాగే గుమ్మం పక్క పాల సంచిలో వేసింది. చెవి అక్కడ ఉంటుందని తెలిసినవాళ్లు మొగుడు కాక లోకంలో ఒక్కరే.

ఆఫీసులో సంతకాలు పెట్టించుకునే అధికారి సంతకాలు పెట్టడానికి వెళ్లాడు. టపా విభాగంలో హైమవతి కుర్చీ ఖాళీగా ఉంది. గంట సెలవు పెట్టిందన్నారు. అంతా అయ్యేసరికి పదకొండయింది. మండలి జీపులో చక్రధరం గారు, మెత్తటి గుడ్డ పరిచిన పెట్టె ఒళ్లో పెట్టుకున్న కాపలాదారు, వాళ్ల వెనక సీట్లో భ్రమరాంబ, ఇంటికి వచ్చారు.

కిటికీలో సీసా ఉంది. సీసాలో నీళ్లున్నాయి. తీగ లేదు. ఊచల మధ్య చిక్కుకునే ఎండు తొడిమ కూడా లేదు. నేల మీద ఒక్క చుక్క తడి లేకుండా ఎవరో తుడిచి, తుడిచిన గుడ్డ ఉతికి, కొక్కేనికి వంకర లేకుండా ఆరేసి వెళ్లారు.

భ్రమరాంబ ఆ గుడ్డ వంక చూసి, వెంటనే చూపు తిప్పుకుంది.

చక్రధరం గారు సీసాని మూడు వైపుల నుంచి చూశారు. ఆయనకి కోపం వస్తుందని ఆమె అనుకుంది. కాని ఆయన సీసా ముందు చేతులు కట్టుకున్నారు.

"అమ్మా, ఇందులకు ఎవరైనా టోకెను పొందియున్నారా?"

"లేదండీ."

"ఫారము?"

"లేదండీ."

"మజ్జిగ?"

"నేను ఇంట్లోనే లేనండీ."

"పథకము ఆరంభమైన తరువాత నిజముగా జరిగిన మొదటి దొంగతనము" అన్నారాయన, కళ్లజోడు తుడుచుకుంటూ. "ఈ మొక్క చావదు. ఎవరింట ఉన్నదో గాని, ఇది చావదు. తమకు ఎవరిమీదనైనా అనుమానము కలదా?"

"ఫారంలో ఆ గడి లేదండీ" అంది భ్రమరాంబ.

ఆయన ఫారం తీసి చూశారు. నిజమే, లేదు. సంగతి తనకి బొత్తిగా తెలియదన్న వాక్యం కింద ఆమె సంతకం పెట్టించుకుని, కాపలాదారు ఒళ్లోని ఖాళీ పెట్టెతో జీపెక్కారు.

తర్వాత పెద్దగా ఏమీ జరగలేదు. పథకం జయప్రదమైనట్టు మండలి ప్రకటించింది. చక్రధరం గారికి పై పదవి దొరికింది. ప్రధాన కార్యాలయం శీతల గదిలో మూలమొక్క కోసం సిద్ధం చేసిన ఒకటో నంబరు కుండీ అలాగే ఉంది. ఉత్తర్వు రద్దు కాలేదు కనుక దానికి ఆరింటికి, ఒంటిగంటకి, ఏడింటికి నీళ్లు పోస్తున్నారు. బయట కాపలా ఉంది. నివేదిక ప్రకారం అందులో ఇంతవరకు ఒక్క మొక్క కూడా చావలేదు.

శ్రావణమాసంలో హైమవతి పేరంటానికి పిలిచింది. హాలు కిటికీకి కొత్తగా తెర వేసి ఉంది, ఒక పక్క కాస్త ఉబ్బెత్తుగా. భ్రమరాంబ ఆ తెరకి వీపు పెట్టి కూర్చుంది. పాటలయ్యాయి. తాంబూలాలయ్యాయి. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటుంటే వెనక నుంచి పిలుపు వినబడింది.

"భ్రమరాంబా, నీకు శనగలు తక్కువ వేసినట్టున్నాను."

భ్రమరాంబ సంచి ఇచ్చి, వీధి వైపు తిరిగి నిలబడింది. ఎవరో పిల్లలు సైకిలు తొక్కుతున్నారు. వాళ్లనే చూసింది.

ఇంటికొచ్చాక శనగలు గిన్నెలో పోసింది. తమలపాకులు ఒక్కొక్కటే తీసి తడిగుడ్డలో చుట్టింది. ఆఖరిది తమలపాకు కాదు. ఊరగాయ సీసాలో నీళ్లు పోసి, దాన్ని అందులో వేసి, కిటికీలో పెట్టి, పొయ్యి వైపు తిరిగింది.

విశ్వపతి కాఫీ కోసం వచ్చి గుమ్మంలో ఆగాడు. కిటికీ వంక చూశాడు. ఆయన రిటైర్మెంటుకి ఇంకా పదమూడు నెలలు ఉంది.

"ఇదెక్కడి నుంచి వచ్చిందే?"

"ఏది?" అంది భ్రమరాంబ.

ఆయన చెయ్యి అలవాటుగా దేవుడి అల్మైరాలో కొలత గ్లాసు వైపు వెళ్లింది. ఆమె ఆ చేతిలో కాఫీ గ్లాసు పెట్టింది.

"హాల్లోకి వెళ్లి తాగండి. అటు చూడకండి."